జూదగృహం ఎవరి గుమ్మంలో? అండమాన్ ముందున్న ప్రశ్న

పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మారుస్తున్నట్లు 2024 సెప్టెంబర్‌లో కేంద్రం ప్రకటించినప్పుడు దేశమంతటా వాదోపవాదాలు చెలరేగాయి. అంతకు నాలుగేళ్ల ముందు, అదే ద్వీపసమూహంలోని ఒక దీవి రూపురేఖలనే మార్చివేయగల పత్రం ఒకటి సిద్ధమైంది. దానిపై ఇందులో పదో వంతు చర్చ కూడా జరగలేదు. ఆ పత్రం పేరు ‘లిటిల్ అండమాన్ సుస్థిరాభివృద్ధి దార్శనిక పత్రం’. రూపొందించినది నీతి ఆయోగ్. ప్రభుత్వం దానిని ప్రజల ముందు పెట్టలేదు. 2021 తొలి నెలల్లో పత్రికల ద్వారానే దాని సంగతులు వెలుగులోకి వచ్చాయి. సింగపూర్, హాంకాంగ్‌లతో పోటీపడే మహానగరాన్ని నిర్మించాలన్న ఆ కలలో విమానాశ్రయం, ఆర్థిక మండలం, నీటి అడుగున విశ్రాంతి గృహాలు, గోల్ఫ్ మైదానాలు ఉన్నాయి. వాటితో పాటు కాసినోలూ ఉన్నాయి.

ఆ ఒక్క మాట దగ్గరే నేను ఆగుతున్నాను. అడవుల గురించి, ఓంగీల గురించి పర్యావరణవేత్తలు రాశారు, రాస్తున్నారు. కాసినో అనే మాట ఆ పత్రంలోకి ఎలా వచ్చిందో, దాని వెనుక ఉన్న రాజనీతి ఎంత పాతదో విచారించిన వారు తక్కువ. జూదంపై ఒక్కో దేశం ఒక్కో చట్టం ఎందుకు చేసుకున్నదో చరిత్రలోకి తొంగిచూస్తే, ఆ మాట యాదృచ్ఛికంగా దొర్లినది కాదని తెలుస్తుంది.

మనువు దారి, కౌటిల్యుని దారి

జూదం విషయంలో పాలకుడు ఏం చేయాలన్న ప్రశ్నకు మన ప్రాచీనులే రెండు పరస్పర విరుద్ధమైన సమాధానాలు చెప్పారు. రాజు తన రాజ్యం నుంచి ద్యూతాన్ని పూర్తిగా తొలగించాలన్నది మనుస్మృతి. అర్థశాస్త్రం దారి వేరు. అందులో ద్యూతాధ్యక్షుడనే అధికారి ఉంటాడు. జూదమంతా ఒక్కచోటనే జరగాలి. మరోచోట ఆడినవాడికి 12 పణాల జరిమానా. గెలిచిన సొమ్ములో నూటికి ఐదు వంతులు ఖజానాకు. పాచికలను అద్దెకిచ్చేదీ ఆ అధికారే. ఇంత ఏర్పాటు ఎందుకంటే, రహస్య వృత్తులతో బతికేవారి ఆచూకీ జూదశాలలోనే దొరుకుతుందని కౌటిల్యుడి లెక్క. ఆదాయమూ వస్తుంది, నిఘా పనీ జరుగుతుంది.

ప్రపంచ దేశాల చట్టాలన్నీ నేటికీ ఈ రెండు దారుల మధ్యనే ఊగిసలాడుతున్నాయి. 1931లో నెవాడా రాష్ట్రం కౌటిల్యుని దారి పట్టింది. పోర్చుగీసు పాలనలోని మకావు అంతకు ఎనిమిది దశాబ్దాల ముందే ఆ దారిన నడిచింది. ఇండొనేషియా మనువు దారిన వెళ్లింది. అక్కడి అచే రాష్ట్రంలో 2005 జూన్‌లో తొలిసారి బహిరంగ బెత్తపు దెబ్బల శిక్ష అమలు చేసినప్పుడు, దెబ్బలు తిన్నవారు జూదరులే. మన దేశపు దక్షిణాగ్రమైన ఇందిరా పాయింట్ నుంచి అచే తీరం ఎంతో దూరం కాదన్న సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి.

పందొమ్మిదో శతాబ్దంలో వీటికి తోడు మూడో దారి ఒకటి పుట్టింది. 1863లో మొనాకో రాజు మూడవ చార్లెస్ తన చిన్న సంస్థానానికి ఆదాయం కోసం మాంటే కార్లోలో జూదగృహ నిర్వహణను ఫ్రాన్స్వా బ్లాంక్ అనే వ్యాపారికి అప్పగించాడు. ఆదాయం ఎంతగా పెరిగిందంటే 1869లో ప్రజలపై ప్రత్యక్ష పన్నులనే ఎత్తివేశారు. మొనాకో పౌరులు మాత్రం ఆ బల్లల దగ్గర కూర్చోరాదు. జూదం చెడ్డదని ఆ నిబంధనే ఒప్పుకుంటున్నది. కాకపోతే ఆ చెడు పొరుగువాడికి జరిగితే పరవాలేదని కూడా చెబుతున్నది. లాభం మనకు, నాశనం పరాయివాడికి. ఆధునిక కాసినో చట్టాలలో అధిక భాగానికి మూలసూత్రం ఇదే.

1867: ఒకే ఏడాది, రెండు మలుపులు

ఇక మన సముద్రంలోకి వద్దాం. 1858 మార్చి 10న డాక్టర్ వాకర్ 200 మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్‌లో దిగాడు. తిరుగుబాటు చేసినవారిని కంటికి కనిపించనంత దూరం పంపడమే లక్ష్యం. అయితే అండమాన్ ఆ తరహా తొలి దీవి కాదు. దానికి మూడు దశాబ్దాల ముందు నుంచే సింగపూర్ భారత ఖైదీల ప్రవాస స్థలం. నేటికీ ఆ నగరంలో నిలిచి ఉన్న సెయింట్ ఆండ్రూస్ చర్చిని కట్టినది మన ఖైదీల చేతులే. పోర్ట్ బ్లెయిర్, సింగపూర్ రెండూ ఒకప్పుడు కలకత్తా నుంచి పాలించబడిన తోబుట్టువులు.

సింగపూర్‌లో జూదం కథ మరీ పాతది. 1820లో ఫర్కూహర్ అనే కంపెనీ అధికారి జూదశాలల హక్కును గుత్తకిచ్చి, ఆ డబ్బుతో పట్టణ పాలన నడిపాడు. 1823లో రాఫెల్స్ వచ్చి దానిని రద్దు చేశాడు. అతడు వెళ్లగానే వారసుడు క్రాఫర్డ్ తిరిగి తెరిచాడు. 1829లో మళ్లీ మూతపడింది. ఒక దశాబ్దం తిరగకముందే ఒక చిన్న రేవు పట్టణం మనువు, కౌటిల్యుల మధ్య రెండుసార్లు అటూ ఇటూ అయింది.

1867 ఏప్రిల్ 1న సింగపూర్, పెనాంగ్, మలక్కాలు భారత ప్రభుత్వ పాలన నుంచి విడిపోయి లండన్ కిందికి వెళ్లాయి. అదే సంవత్సరం మన దేశంలో బహిరంగ జూద నిరోధక చట్టం వచ్చింది. వాయవ్య రాష్ట్రాలు, పంజాబ్, అవధ్, మధ్య రాష్ట్రాలతో పాటు బ్రిటిష్ బర్మాకు కూడా అది వర్తించింది. జూదగృహం నడిపేవాడికి 200 రూపాయల వరకు జరిమానా లేదా మూడు నెలల ఖైదు. అందులో పట్టుబడినవాడికి 100 రూపాయలు లేదా నెల రోజుల ఖైదు. నైపుణ్యంతో కూడిన ఆటలకు మాత్రం 12వ సెక్షన్‌లో మినహాయింపు ఇచ్చారు.

ఆ చట్టం పేరులోని ‘బహిరంగ’ అన్న విశేషణంలోనే దాని వర్గ స్వభావం ఉంది. బజారులో పాచికలు వేసే కూలివాడిని పోలీసు పట్టుకుంటాడు. దొరల బంగళాలో జరిగే పేకాట ఆ చట్టం చూపుకు అందదు. ఐదేళ్ల తరువాత 1872లో వచ్చిన కాంట్రాక్టు చట్టం పందెపు ఒప్పందాలన్నీ చెల్లవన్నది. దానికీ ఒక మినహాయింపు పెట్టింది. 500 రూపాయలు, అంతకు మించిన బహుమతి ఉన్న గుర్రప్పందేలకు ఇచ్చే చందాలు చెల్లుతాయట! కోడికి కత్తి కడితే నేరం, గుర్రానికి జీను వేస్తే క్రీడ. ఈ తేడా ఒకటిన్నర శతాబ్దం దాటినా చెక్కుచెదరలేదు. మలక్‌పేటలో గుర్రాలు పరుగెడుతూనే ఉన్నాయి. సంక్రాంతికి గోదావరి జిల్లాల బరుల మీద పోలీసులు దాడులు చేస్తూనే ఉన్నారు.

రమ్మీ నుంచి సెల్‌ఫోన్ దాకా

స్వాతంత్ర్యం తరువాత రాజ్యాంగం జూదాన్ని, పందేలను రాష్ట్రాల జాబితాలో 34వ అంశంగా చేర్చింది. వాటిపై పన్ను వేసే అధికారాన్ని 62వ అంశంలో ఇచ్చింది. ప్రభుత్వ లాటరీలను కేంద్రం దగ్గర ఉంచింది. 1957లో చమర్‌బాగ్‌వాలా కేసులో సుప్రీంకోర్టు జూదానికి వ్యాపార స్వేచ్ఛ రక్షణ లేదని తేల్చింది. ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఆర్. దాస్ ఆ తీర్పులో ఋగ్వేదంలోని జూదరి ఆవేదనను, మహాభారతాన్ని సైతం ప్రస్తావించారు.

తెలుగునాట ఈ న్యాయచర్చ ప్రత్యేక రూపం దాల్చింది. తెలంగాణలో నిజాం నాటి 1305 ఫసలీ చట్టం, కోస్తా, సీమలలో 1930 నాటి మద్రాసు చట్టం అమలులో ఉండేవి. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుపై 1963లో జరిగిన పోలీసు దాడి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967లో జస్టిస్ హిదయతుల్లా రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని తీర్పు చెప్పారు. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తేల్చుకోవాలి గనుక అది మూడు ముక్కలాట వంటిది కాదన్నారు. మన క్లబ్బులలో చతుర్ముఖ పారాయణానికి న్యాయపరమైన ఆసరా దొరికింది ఆనాటి నుంచే. రెండు ప్రాంతాలకూ ఉమ్మడిగా 1974లో గేమింగ్ చట్టం వచ్చింది.

అర్ధ శతాబ్దం తరువాత అదే రమ్మీ సెల్‌ఫోన్‌లోకి దిగింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ ఆటలపై నిషేధం విధించాయి. చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటు రెండు రోజుల్లోనే ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని ఆమోదించింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న పాత విభజనను అది పక్కకు నెట్టింది. డబ్బు పెట్టి ఆడించే ఆన్‌లైన్ ఆట ఏదైనా నిషిద్ధమే. ఆడించినవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. కుటుంబాలు కూలిపోతున్నాయి, యువకులు ప్రాణాలు తీసుకుంటున్నారు అన్నది ప్రభుత్వ వాదన. ఆ వాదన నిజమేనని తెలుగు పల్లెలకు వేరే చెప్పనవసరం లేదు.

అయితే తెర మీది జూదం కుటుంబాలను కూల్చేదైతే, బల్ల మీది జూదం వాటిని నిలబెడుతుందా? గోవాలో 1976 నాటి చట్టానికి 1992లో సవరణ చేసి పెద్ద హోటళ్లలో జూదయంత్రాలకు, 1996లో ఓడలలో బల్లాటలకు అనుమతి ఇచ్చారు. సిక్కిం 2002లో కాసినో చట్టం చేసుకుంది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి నడిపే జీఎస్‌టీ మండలి కాసినోలపై తొలుత 28 శాతం, 2025 సెప్టెంబర్ నుంచి 40 శాతం పన్ను వసూలు చేస్తున్నది. ఒక చేతిలో మనుస్మృతి, మరో చేతిలో అర్థశాస్త్రం పట్టుకుని నడుస్తున్న రాజ్యం మనది.

మనమే ఆ పరాయివాళ్లం

మొనాకో సూత్రం ఆసియాలో ఎలా విస్తరించిందో చూడండి. మలేషియాలో 1971 నుంచి గెంటింగ్ కొండ మీద కాసినో నడుస్తున్నది. దేశ జనాభాలో అధికులైన ముస్లింలకు అందులో ప్రవేశం లేదు. నేపాల్‌లో 1968లో తొలి కాసినో మొదలైంది, నేపాలీయులు ఆడరాదు. మయన్మార్ 2019 చట్టం విదేశీయుల కోసమే కాసినోలకు తలుపు తెరిచింది. శ్రీలంకలో స్థానికులు ప్రవేశ రుసుం చెల్లించాలి. గోవా కూడా 2020 ఫిబ్రవరి నుంచి తన వాసులకు కాసినోల తలుపు మూసింది.

ఇన్ని దేశాలు తమ వారిని తప్పించి పరాయివారిని పిలుస్తున్నాయి. ఆ పరాయివారు ఎవరు? కొలంబో, ఖాట్మండూ, పణజి బల్లల చుట్టూ వినిపించే భాషలలో తెలుగు ఒకటి. 2022 జూలైలో హైదరాబాద్‌లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ జరిపిన సోదాలు నేపాల్ కాసినో యాత్రల గురించే. 2023 మే 1న థాయ్‌లాండ్ పోలీసులు పట్టాయాలోని ఒక హోటల్‌లో 93 మందిని అరెస్టు చేస్తే వారిలో 83 మంది భారతీయులు. అందులో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. థాయ్‌లాండ్‌లో 1917లోనే చివరి జూదశాలను మూసివేశారు. 1935 చట్టం ప్రకారం అనుమతి లేకుండా 120 పేకముక్కలకు మించి ఇంట్లో ఉంచుకోవడమే నేరం. 2016లో పట్టాయాలో కాలక్షేపానికి బ్రిడ్జి ఆడుకుంటున్న విదేశీ వృద్ధులను సైతం ఈ నిబంధన కిందే పట్టుకెళ్లారు. మన వాళ్లు వెళ్లి పడింది అటువంటి దేశంలో!

అందరి చట్టాలూ ఎవరిని నాశనం కానివ్వవచ్చని తలుస్తాయో ఆ వరుసలో మనం ముందున్నాం. ఇది తెలుగువాడు సిగ్గుపడవలసిన విషయం మాత్రమే అయితే ఇంత రాయనవసరం లేదు. ఇందులో రాజకీయం ఉంది. కాసినోను ఎక్కడ పెట్టాలన్న నిర్ణయం చేసేవారు, దాని వల్ల నష్టపోయేవారి ఓటుకు జవాబుదారీ కానక్కరలేని చోటునే వెతుకుతారు. అండమాన్ ప్రత్యేకత సరిగ్గా అక్కడే ఉంది.

శాసనసభ లేని దీవి

అండమాన్ నికోబార్ దీవులకు శాసనసభ లేదు. 2011 లెక్కల ప్రకారం 3.8 లక్షల జనాభాకు ఒకే ఒక్క లోక్‌సభ సభ్యుడు. ఆ ఒక్కరినైనా నేరుగా ఎన్నుకునే హక్కు 1967 నుంచే వచ్చింది. రాష్ట్రాలలో జూదంపై చట్టం శాసనసభ చేయాలి. ప్రతిపక్షం అడ్డుపడవచ్చు, సభలో గొడవ జరగవచ్చు, ఎన్నికల్లో ఆ అంశం ప్రచారాస్త్రం కావచ్చు. కేంద్రపాలిత ప్రాంతంలో రాష్ట్ర జాబితా అంశాలపై కూడా పార్లమెంటే చట్టం చేయవచ్చు. అంతకన్నా సులువైనది 240వ అధికరణం. అండమాన్ శాంతి, ప్రగతి, సుపరిపాలన కోసం రాష్ట్రపతి పేరిట నిబంధనావళి జారీ చేస్తే చాలు, దానికి పార్లమెంటు చట్టంతో సమానమైన బలం ఉంటుంది. పార్లమెంటు చేసిన చట్టాన్ని సైతం అది సవరించగలదు.

ఈ అధికారం చెడ్డదే అనడం లేదు. ఆదిమ తెగల పరిరక్షణకు 1956లో వచ్చిన నిబంధనావళి ఇటువంటిదే. దాని ఆధారంగానే మరుసటి ఏడాది లిటిల్ అండమాన్‌ను ఓంగీలకు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 1901 జనగణన ఓంగీల సంఖ్యను 672గా అంచనా వేసింది. ఇప్పుడు నూరు మందికి కాస్త అటూ ఇటూ. వారిని మిగిల్చిన ఆ కొద్దిపాటి రక్షణను తీసివేయగలిగినదీ ఇదే కలం. నీతి ఆయోగ్ పత్రం కోరినది సుమారు 240 చదరపు కిలోమీటర్ల భూమి, అంటే దీవిలో మూడో వంతుకు పైగా. అందుకోసం రక్షిత ప్రాంతంలో 138 చదరపు కిలోమీటర్లను జాబితా నుంచి తొలగించాలి. 20 లక్షలకు పైగా చెట్లు పోతాయని అటవీ శాఖ స్థానిక అధికారి 2020 సెప్టెంబర్‌లోనే అభ్యంతరం రాశారు. ఆ తరువాత కేంద్రం దృష్టి గ్రేట్ నికోబార్ ప్రాజెక్టు వైపు మళ్లింది. అంతమాత్రాన ఆ పత్రంలోని ఆలోచన చచ్చిపోయిందని అనుకోవడం అమాయకత్వం. మన దేశంలో దార్శనిక పత్రాలకు చావు ఉండదు. అవి బీరువా మారుతాయి.

పత్రం ఆదర్శంగా చూపిన సింగపూర్ ఏం చేసిందో కూడా చూడాలి. నాలుగు దశాబ్దాలు కాసినోను దూరంగా ఉంచిన ఆ దేశం, 2005 ఏప్రిల్‌లో ప్రధాని లీ సియన్ లూంగ్ పార్లమెంటులో ప్రకటన చేసి, తన మంత్రివర్గంలోనే ఉన్న భిన్నాభిప్రాయాలను బయటపెట్టి, ఏడాదికి పైగా దేశమంతా వాదించుకున్న తరువాతనే అడుగు వేసింది. 2006లో చట్టం చేసింది. 2010లో రెండు కాసినోలు తెరుచుకున్నప్పుడు పౌరులకు రోజుకు 100 డాలర్ల ప్రవేశ రుసుం పెట్టింది. 2019లో దానిని 150కి పెంచింది. జూదవ్యసనపరుడిని కాసినో గడప తొక్కనివ్వకుండా ఆపే ఉత్తర్వు కోరే హక్కు కుటుంబ సభ్యులకు ఇచ్చింది. ప్రజాస్వామ్య విలువలకు పేరుమోసిన దేశం కాదది. అయినా అంత చర్చ జరిపింది. థాయ్‌లాండ్ ప్రభుత్వం కాసినోలతో కూడిన వినోద సముదాయాల బిల్లు తెచ్చి, ప్రజా వ్యతిరేకత, సంకీర్ణ సంక్షోభం మధ్య 2025 జూలైలో వెనక్కి తీసుకున్నది. మనం సింగపూర్ భవనాలను కోరుకున్నాం, అక్కడి చర్చను మాత్రం దిగుమతి చేసుకోలేదు.

మరొక చిక్కు ఉంది. అండమాన్‌లో మొనాకో సూత్రం పనిచేయదు. అక్కడికి వచ్చే యాత్రికులలో అత్యధికులు విదేశీయులు కారు, చెన్నై, కోల్‌కతా, విశాఖ, హైదరాబాద్‌ల నుంచి వచ్చేవారే. తొలి అంతర్జాతీయ విమానం కౌలాలంపూర్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌లో దిగినది 2024 నవంబర్‌లోనే. అంటే ఆ బల్లల దగ్గర ఓడేది మన దేశపు ఇళ్ల సొమ్మే. ఇక స్థానికులను తప్పిస్తారా అంటే, ఆ స్థానికులలో దాదాపు 13 శాతం తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లిన మత్స్యకారుల బిడ్డలు, మేస్త్రీలు, చిరుద్యోగులు. కాసినో లోపలికి వారిని రానివ్వకపోయినా, బయట వెలిసే వడ్డీ వ్యాపారం, దళారీతనం, భూముల ధరలు వారి గుమ్మం దాకా రాకుండా ఆపే నిబంధన ఏ దేశంలోనూ ఎవరూ రాయలేకపోయారు.

ప్రధాన భూభాగం తన ఇంట ఉంచుకోలేని దానిని దీవులకు పంపడం 1858లో మొదలైంది. అప్పుడు ఖైదీలను పంపింది. 1949 నుంచి తూర్పు బెంగాల్ శరణార్థులను పంపింది. వారంతా మనుషులు గనుక కష్టపడి ఆ నేలను నిలబెట్టారు. ఇప్పుడు పంపదలచినది తన సెల్‌ఫోన్‌లో తానే నిషేధించుకున్న వ్యసనాన్ని. ఇది న్యాయమైతే ఆ పత్రాన్ని బయటపెట్టడానికి సంకోచం ఎందుకు? అండమాన్‌లో జూదగృహానికి అనుమతిస్తారా లేదా అన్నది పార్లమెంటులో సూటిగా ఒక ప్రశ్నగా రావాలి. అనుమతించదలిస్తే 240వ అధికరణం చాటున గాక, ఉభయ సభల్లో బిల్లుగా తేవాలి. పోర్ట్ బ్లెయిర్ పురపాలక మండలి, జిల్లా పరిషత్తు, ఓంగీల తరఫున మాట్లాడగల వారి అభిప్రాయాలు దానికి జతచేయాలి.

కురుసభలో పాచికలు పడుతున్నప్పుడు పెద్దలు చాలామందే ఉన్నారు. పందెంగా ఒడ్డబడిన మనిషి సమ్మతిని మాత్రం ఎవరూ అడగలేదు. తాను ముందు తన్ను ఓడి ఆపై నన్ను ఒడ్డెనా అని ఆమె వేసిన ప్రశ్నకు ఆ సభ నేటి దాకా బాకీ ఉంది. లిటిల్ అండమాన్ విషయంలో ఆ బాకీ పెంచుకోకుండా ఉండటానికి ఇంకా వ్యవధి ఉంది. అడగవలసినది మన ప్రతినిధులను. తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది ఉన్నారు. అండమాన్‌కు ఉన్నది ఒక్కరే.